సిగ్నల్ ఆపేసినా బొమ్మ తలలో 10 హెర్ట్జ్ కనిపిస్తోంది: ఈఈజీ, ఎఫ్‌నిర్స్ కలిపి పరీక్షించినవాళ్లు చెప్పండి

హనుమకొండ_ల్యాబ్
శనివారం, రాత్రి 10:40

అందరికీ నమస్తే. హనుమకొండలో పీహెచ్‌డీ రెండో ఏడు చదువుతున్నాను. ఒకే టోపీలో ఈఈజీ ఎలక్ట్రోడ్లు, వాటి పక్కనే ఎఫ్‌నిర్స్ లైట్లు, డిటెక్టర్లు బిగించాం. ఈఈజీ మెదడు కరెంటును పడుతుంది. ఎఫ్‌నిర్స్ 760, 850 నానోమీటర్ల వెలుతురును తల్లోకి పంపి, రక్తంలో ఆక్సిజన్ ఎలా మారుతోందో చెబుతుంది. మనిషి తల మీద పెట్టే ముందు బొమ్మ తల మీద పరీక్షించాలి కదా, ఫాంటమ్ అంటారు, ఆ పనిలోనే ఇరుక్కున్నాను.

మొదట జెలటిన్‌తో చేశాను. ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం కరెంటు పోయి ఏసీ ఆగింది. అన్నం తిని వచ్చేసరికి తల చెవుల దగ్గర్నుంచి జారి ట్రేలో మడుగు కట్టింది, ఎలక్ట్రోడ్లు అందులో తేలుతున్నాయి. జెలటిన్ 30, 35 డిగ్రీల మధ్య కరుగుతుందని చదివాను గానీ, ఎండాకాలంలో మన గది వేడే అంత ఉంటుందని తట్టలేదు. అప్పటి నుంచి అగర్‌కు మారాను. అది కరగాలంటే 85 డిగ్రీల దాకా కాయాలి. ఒకసారి గడ్డకట్టాక మన ఎండకు చెక్కుచెదరదు.

ఇప్పుడు వాడుతున్నది: లీటరు డిస్టిల్డ్ వాటర్, 20 గ్రాముల అగర్, 1.75 గ్రాముల ఉప్పు, వెలుతురు చెదరడానికి టైటానియం డయాక్సైడ్, వెలుతురు పీల్చడానికి చుక్కల లెక్కన ఇండియా ఇంక్. లోపల మెలిపెట్టిన సన్నని తీగ జత, దాని చివర్లు 5 మిల్లీమీటర్ల దూరంలో. అది మెదడులోని కరెంటు మూలానికి బదులు. దానికి సిగ్నల్ జనరేటర్ నుంచి 10 హెర్ట్జ్, అంటే సెకనుకు 10 సార్లు ఊగే కరెంటు పంపిస్తే పైన ఎలక్ట్రోడ్లలో 10 దగ్గర చక్కని శిఖరం వచ్చింది. పోయిన వారం రివ్యూలో ఆ గ్రాఫే చూపించాను, అందరూ బాగుందన్నారు.

నిన్న మా సార్ ఒక్క మాట అడిగారు: "జనరేటర్ ఆపి చూశావా?" ఆపాను. శిఖరం అక్కడే ఉంది. కొంచెం తగ్గింది, అంతే. రాత్రంతా నిద్ర లేదు. నేను చూపించినదాంట్లో ఎంత నిజమో నాకే తెలియడం లేదు.

మంచిర్యాల_కాంతి
శనివారం, రాత్రి 11:25

చెల్లె, ముందు ఒకటి చెప్పు. మీ ఎఫ్‌నిర్స్ సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తుంది? చాలా పరికరాల్లో అది 10 దగ్గర ఉంటుంది. అంటే లైట్లు వరసగా వెలిగి ఆరే చక్రం సెకనుకు 10 సార్లు తిరుగుతుంది. ఆ లయ నీ ఈఈజీలోకి దూరుతోందని నా అనుమానం. నువ్వు పంపేదీ 10 హెర్ట్జే కాబట్టి అసలు సిగ్నల్ వెనక దొంగ సిగ్నల్ దాక్కుంది.

ఇది రెండు దారుల్లో రావచ్చు. లైట్లకు వెళ్లే కరెంటు తీగల నుంచి ఎలక్ట్రోడ్ తీగల్లోకి రావడం ఒకటి. వెలుతురు నేరుగా ఎలక్ట్రోడ్ మీద పడటం రెండోది. 1839లో ఎడ్మండ్ బెక్వెరెల్ వెలుతురు నుంచి కరెంటు పుడుతుందని కనిపెట్టింది సిల్వర్ క్లోరైడ్ పూసిన ఎలక్ట్రోడ్ల మీదే. మనం ఈఈజీకి వాడేది అదే పూత. ఇన్‌ఫ్రారెడ్‌కు ఆ ప్రభావం బాగా తక్కువ, అయినా ఎలక్ట్రోడ్ లైటుకు ఆనుకుని ఉంటే చూడాల్సిందే, మనం వెతికేది మైక్రోవోల్టుల్లో కదా.

రెండింటినీ విడదీయడం తేలిక. లైట్ల మూతికి నల్ల టేపు వేసి పరికరాన్ని అలాగే నడవనివ్వు. కరెంటు నడుస్తుంది, వెలుతురు మాత్రం రాదు. శిఖరం ఉంటే తీగల తప్పు. పోతే వెలుతురు తప్పు. ఆ తర్వాత నీ సిగ్నల్‌ను 13 హెర్ట్జ్‌కు మార్చు. అప్పుడు 13 దగ్గర వచ్చేది నీది, 10 దగ్గర వచ్చేది పరికరానిది.

కాజీపేట_రిటైర్డ్
ఆదివారం, ఉదయం 6:10

అమ్మా, రైల్వే సిగ్నల్ విభాగంలో 34 ఏళ్లు చేశాను. మెదడు సంగతి నాకు తెలియదు, తీగల సంగతి తెలుసు. రైళ్లను నడిపే పై తీగలో 25 వేల వోల్టులు, 50 హెర్ట్జ్. పట్టాల పక్కన సమాంతరంగా వేసిన మా సిగ్నల్ కేబుళ్లలో, ఎక్కడా తగలకుండానే వోల్టేజీ పుట్టేది. దాన్ని తప్పించడానికే మా సగం శ్రమ.

మీ టోపీ ఫోటో పెట్టండి. లైట్ల తీగలూ ఎలక్ట్రోడ్ తీగలూ ఒకే కట్టగా కట్టి ఉంటారని నా ఊహ. చూడ్డానికి నీటుగా ఉంటుంది, పనికి చేటు. లైటుకు పోయే తీగ, తిరిగి వచ్చే తీగ, ఆ రెంటినీ ఒకదానికొకటి మెలిపెట్టండి. ఎలక్ట్రోడ్ తీగల్ని వేరే వైపు నుంచి తీసుకురండి. దాటక తప్పని చోట అడ్డంగా దాటించండి, పక్కపక్కన నడిపించొద్దు. ల్యాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద పెట్టండి. ఎర్త్ ఒక్కచోటే ఇవ్వండి.

హనుమకొండ_ల్యాబ్
ఆదివారం, సాయంత్రం 5:35

అన్నా, సార్, ఇద్దరికీ చాలా థాంక్స్. పొద్దున్నే ల్యాబ్‌కు పోయి వాచ్‌మన్‌ను బతిమాలి తలుపు తీయించుకున్నాను.

పరికరం వేగం సరిగ్గా సెకనుకు 10 సార్లే. జనరేటర్ తీగ పూర్తిగా పీకేసి చూశాను. 12 ఎలక్ట్రోడ్లలోనూ 10 దగ్గర శిఖరం. లైట్లకు నల్ల టేపు వేస్తే 9 ఎలక్ట్రోడ్లలో ఏ మార్పూ లేదు. లైటుకు సెంటీమీటరు లోపు ఉన్న 3 ఎలక్ట్రోడ్లలో మాత్రం కొంత తగ్గింది. అంటే పెద్ద తప్పు తీగలది, చిన్న తప్పు వెలుతురుది.

కాజీపేట సార్ ఊహించినట్టే అన్ని తీగల్నీ కలిపి ఒకే స్లీవ్‌లో పెట్టాం. విప్పి, లైట్ల తీగల్ని మెలిపెట్టి వెనకవైపు నుంచి తీశాను. దూరంగా ఉన్న 9 ఎలక్ట్రోడ్లలో శిఖరం గ్రాఫ్‌లో కలిసిపోయి కనిపించకుండా పోయింది. ఆ 3 ఎలక్ట్రోడ్ల చుట్టూ నల్ల ఫోమ్ రింగులు కోసి పెడుతున్నాను.

తర్వాత 13 హెర్ట్జ్ పంపాను. ఆ 9 ఎలక్ట్రోడ్లలో 13 దగ్గర ఒక్కటే శిఖరం. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. రివ్యూలో చూపించిన గ్రాఫ్ తప్పని రేపు కమిటీకి మెయిల్ పెడతాను.

మంచిర్యాల_కాంతి
ఆదివారం, రాత్రి 9:00

మెయిల్ పెట్టు, మంచి పని. ఇకనుంచి రోజూ ముందుగా ఖాళీ రికార్డింగ్ తీయి. లోపల ఏమీ పంపకుండా, అన్ని పరికరాలూ ఆన్ చేసి, 5 నిమిషాలు. మనిషి తల ఎప్పుడూ ఖాళీగా ఉండదు, కళ్లు మూసుకుంటే చాలు 8 నుంచి 13 హెర్ట్జ్ ఆల్ఫా తరంగాలు వచ్చేస్తాయి. నీకు వచ్చిన ఈ దొంగ శిఖరం మనిషి మీద వచ్చి ఉంటే అందరం ఆల్ఫా అనుకుని సంతోషపడేవాళ్లం. లోపల ఏమీ లేదని ఖాయంగా చెప్పగలిగే తల బొమ్మ తల ఒక్కటే.

నీ ఉప్పు లెక్క కూడా చూశాను. మెదడు కణజాలం వాహకత, అంటే కరెంటును పోనిచ్చే గుణం, మీటరుకు 0.33 సీమెన్స్ అని లెక్కలో వాడుతుంటారు. 1.75 గ్రాములు 25 డిగ్రీల దగ్గర దానికి సరిపోతుంది. కానీ వాహకత డిగ్రీకి 2 శాతం చొప్పున పెరుగుతుంది. పొద్దున 28, మధ్యాహ్నం 40 ఉంటే నీ తల ఒక్కపూటలో పావు వంతు మారిపోతుంది. థర్మామీటర్ గుచ్చి, ప్రతి రికార్డింగ్‌కూ డిగ్రీలు రాసుకో.

బీటెక్_నిజామాబాద్
ఆదివారం, రాత్రి 9:48

ఒక సందేహం. అగర్ పాడవుతుంది, ఎండుతుంది. వెలుతురు పరీక్షలకు సిలికాన్ దిమ్మలు ఏళ్లకేళ్లు ఉంటాయట కదా. అందులో కార్బన్ పొడి కలిపితే కరెంటు కూడా పోతుంది. ఒకే దిమ్మతో రెండూ అయిపోతాయి కదా?

మంచిర్యాల_కాంతి
ఆదివారం, రాత్రి 10:30

తమ్ముడూ, నేనూ ఇక్కడే ఏడాది పోగొట్టుకున్నాను. సిలికాన్ కరెంటును పోనివ్వదు. పోవాలంటే కార్బన్ రేణువులు ఒకదానికొకటి తగిలేంత కలపాలి. అంత కలిపితే దిమ్మ బొగ్గులా నల్లగా అవుతుంది, ఒక వైపు వేసిన వెలుతురు రెండో వైపుకు చేరనే చేరదు. వెలుతురుకు సరిపడా చిటికెడు కలిపితే కరెంటు పోదు. లోహపు పొడులదీ అదే కథ. కరెంటును మోస్తూ వెలుతురుకు అడ్డురాని పదార్థం కావాలి, అది మన ఇంట్లో ఉండే ఉప్పే. ఉప్పు కరగాలంటే నీళ్లు కావాలి, నీళ్లు నిలబడాలంటే జెల్ కావాలి. అందుకే తిరిగి తిరిగి అగర్ దగ్గరికే వస్తాం.

పీవీఏ (పాలీవినైల్ ఆల్కహాల్) అని ఇంకో దారి ఉంది. ఆ ద్రావణాన్ని ఫ్రీజర్లో గడ్డకట్టించి, కరిగించి, మళ్లీ గడ్డకట్టిస్తే రబ్బరులా తయారవుతుంది, దానంతటదే తెల్లబడి వెలుతురును చెదరగొడుతుంది. అగర్‌లా పెళుసుగా విరగదు. కాకపోతే ఆ చక్రాల మధ్య కరెంటు పోతే ప్రతి దిమ్మా ఒక్కో రకంగా వస్తుంది, ఇన్వర్టర్ ఉన్నవాళ్లే మొదలుపెట్టాలి.

ఈఈజీ_గది_కరీంనగర్
సోమవారం, మధ్యాహ్నం 1:20

నేను కరీంనగర్‌లో ఈఈజీ టెక్నీషియన్‌ను, 14 ఏళ్ల నుంచి. మీ బొమ్మ తలకు వెంట్రుకలు ఉన్నాయా చెల్లె?

మా దగ్గరికి వచ్చేవాళ్లకు ముందురోజే చెప్తాం: తలస్నానం చేసి, నూనె పెట్టుకోకుండా రండని. అయినా పదిమందిలో నలుగురు నూనెతోనే వస్తారు. ఆసుపత్రికి పోతూ తల దువ్వకుండా ఎట్లా పోతామని అంటారు, వాళ్ల తప్పు కాదు. నూనె పొర మీద పేస్ట్ పట్టదు, ఇంపీడెన్స్, అంటే చర్మం దగ్గర కరెంటుకు అడ్డు, దిగదు. మేం పాయ తీసి, స్పిరిట్‌తో తుడిచి, రుద్ది, అప్పుడు ఎలక్ట్రోడ్ పెడతాం. మొన్న ఒక పెద్దమ్మ జడ విప్పి పాయలు తీయడానికే 20 నిమిషాలు పట్టింది.

వెలుతురు సంగతి మీకే ఎక్కువ తెలుసు. కానీ మన నల్లని ఒత్తు జుట్టులోంచి ఆ లైటు ఎంత లోపలికి పోతుంది? నున్నని బొమ్మ మీద అన్నీ బాగానే వస్తాయి. మా మంచం మీదికి వచ్చే తల నున్నగా ఉండదు.

హనుమకొండ_ల్యాబ్
సోమవారం, మధ్యాహ్నం 2:05

అక్కా, ఈ మాట ఇప్పటివరకు మాకు ఎవ్వరూ చెప్పలేదు. జుట్టులోని మెలనిన్ వెలుతురును బాగా పీల్చేస్తుంది, కుదుళ్లు ఎక్కువ ఉన్నచోట సిగ్నల్ పడిపోతుందని చదివాను గానీ బొమ్మకు జుట్టు పెట్టాలన్న ఆలోచనే రాలేదు. సెలూన్ నుంచి వెంట్రుకలు తెచ్చి, పలచని నెట్ గుడ్డకు కుట్టి తొడుగుతాను. ఒకటి ఒత్తుగా, ఒకటి పలచగా. కొబ్బరినూనె రాసి ఒకసారి, రాయకుండా ఒకసారి.

మట్టిబొమ్మ_వరంగల్
సోమవారం, రాత్రి 8:15

మాది వినాయక విగ్రహాల పని, మా తాత నుంచి. తల అచ్చు కావాలంటే నేను చేసిస్తాను. మీరు ప్రింటర్‌తో తీసిన తల నమూనా ఒక్కటి తెస్తే, దాని మీద రబ్బరు పోసి రెండు ముక్కల అచ్చు తీస్తాను. అతుకు ముఖం మీద కాకుండా చెవుల వెనక నుంచి పోయేటట్టు వేస్తాను, అప్పుడు నుదుటి మీద గీత పడదు. లోపల పుర్రె పొర కూడా కావాలంటే ప్లాస్టర్‌తో పోయొచ్చు. మందం ఎంతో చెప్పండి. పలచగా పోయాలంటే చేయి తిప్పుతూ పోయాలి, ఆగితే అడుగున పేరుకుంటుంది.

మంచిర్యాల_కాంతి
సోమవారం, రాత్రి 9:10

అన్నా, మీ చేయి మాకు చాలా అవసరం. అతుకు గీత సంగతి చాలా ముఖ్యం, ఎఫ్‌నిర్స్ లైట్లు ఎక్కువగా కూర్చునేది నుదుటి మీదే.

ప్లాస్టర్ పుర్రె ఈఈజీ బొమ్మల్లో వాడుతున్నదే. ఎముక కరెంటును బాగా తక్కువగా పోనిస్తుంది, మెదడుకు 0.33 అనుకుంటే ఎముకకు 0.01 దగ్గర లెక్కేస్తారు. ఉప్పునీళ్లలో నానిన ప్లాస్టర్‌ను ఆ దరిదాపులకు తేవొచ్చు, ఎండిపోతే మాత్రం అసలు పోనివ్వదు. కానీ కరెంటుకు ఎముకలా ఉన్నంత మాత్రాన వెలుతురుకు కూడా ఎముకలా ఉంటుందని కాదు. ఒకే దిమ్మ నుంచి చిన్న పలక కోసి రెండు పరీక్షలూ చేశాకే తల పోయండి. పెద్దవాళ్ల పుర్రెకు 6, 7 మిల్లీమీటర్ల మందం పెట్టుకోండి.

ఎందుకింత పట్టింపంటే, లైటుకూ డిటెక్టర్‌కూ మధ్య 3 సెంటీమీటర్లు పెడితే మనం చూసేది దాదాపు సెంటీమీటరున్నర లోతు. చర్మం, ఎముక పోను మెదడుకు మిగిలేది కొద్దిగా. పై పొర 2 మిల్లీమీటర్లు అటూ ఇటూ అయితే అసలు మెదడు పొరను చూస్తున్నామో లేదో చెప్పలేం. 8 మిల్లీమీటర్ల దూరంలో ఇంకో డిటెక్టర్ పెడితే అది చర్మాన్నే చూస్తుంది, ఆ చర్మం సిగ్నల్ను లెక్కలోంచి తీసేసుకోవచ్చు.

హనుమకొండ_ల్యాబ్
మంగళవారం, ఉదయం 11:30

ఇంకో చోట ఆగిపోయాను. ఇండియా ఇంక్ ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. ఎఫ్‌నిర్స్ చూడాల్సింది ఆక్సిజన్ మార్పు. దానికి రక్తం కావాలి. మటన్ కొట్టు నుంచి మేక రక్తం తెచ్చాను, గడ్డకట్టకుండా సిట్రేట్ కలిపాను. దాన్ని నా 0.17 శాతం ఉప్పునీళ్లలో పోస్తే 5 నిమిషాల్లో ఎర్రకణాలు పగిలి ద్రావణం ఎర్ర గాజులా పారదర్శకంగా అయిపోయింది. 0.9 శాతం ఉప్పులో పోస్తే కణాలు బాగున్నాయి గానీ వాహకత 1.5 దాకా పోయింది, మెదడు కన్నా నాలుగు రెట్లు ఎక్కువ. ఒకటి కుదిరితే ఇంకోటి కుదరడం లేదు.

పిల్లలవార్డు_సిస్టర్
మంగళవారం, రాత్రి 11:50

నైట్ డ్యూటీలో చదువుతున్నాను. నేను ఇంజనీరును కాదు, తప్పయితే చెప్పండి. పిల్లలకు ఎక్కించే సెలైన్లలో ఎన్ బై ఫైవ్ అని ఒకటి వాడేవాళ్లం. మామూలు సెలైన్‌లో 0.9 శాతం ఉప్పు ఉంటే ఇందులో ఐదో వంతు, అంటే 0.18 శాతమే. ఉప్పు అంత తగ్గితే కణాలు పగలాలి, కానీ పగలవు. ఎందుకంటే అందులో డెక్స్‌ట్రోజ్, అంటే గ్లూకోజ్, కలిపి ఉంటుంది. ఉప్పు తగ్గిన లోటును చక్కెర పూడుస్తుంది. మీకు కావాల్సింది 0.17 అన్నారు కదా, అందుకే గుర్తొచ్చింది. చక్కెర కరెంటును మోయదనుకుంటా?

మంచిర్యాల_కాంతి
బుధవారం, ఉదయం 7:05

సిస్టర్, మీరు చెప్పింది సరిగ్గా సరిపోయింది. గ్లూకోజ్ అయాన్లుగా విడిపోదు కాబట్టి కరెంటును మోయదు. లెక్క వేశాను: లీటరుకు 1.75 గ్రాముల ఉప్పు, 42 గ్రాముల గ్లూకోజ్ వేస్తే కణాలకు సరిపడా ఒత్తిడి వస్తుంది. చక్కెర వల్ల ద్రావణం కొంచెం చిక్కబడి వాహకత కాస్త దిగుతుంది, చిటికెడు ఉప్పు పెంచి మీటర్ చూసి సరిచేసుకోవచ్చు.

ఇంకో లాభం కూడా ఉంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గించడానికి ఈస్ట్ కలుపుతారు. అది గ్లూకోజ్ తింటూ ఆక్సిజన్ వాడేస్తుంది. మళ్లీ పెంచాలంటే ఆక్సిజన్ బుడగలు పంపడమే. చెల్లె, 760 దగ్గర ఆక్సిజన్ లేని హీమోగ్లోబిన్ ఎక్కువ పీలుస్తుంది, 850 దగ్గర ఆక్సిజన్ ఉన్నది. ఈస్ట్ వేశాక రెండు గీతలూ ఎదురెదురుగా విడిపోవాలి. రెండూ ఒకేవైపు పోతే నీ పరికరమో, లెక్కో తప్పు. మేక ఎర్రకణాలు మనిషి కణాల్లో సగం సైజు కూడా ఉండవు కాబట్టి వెలుతురు చెదిరే తీరు మారుతుంది, అది విడిగా రాసుకో.

జగిత్యాల_నాన్న
బుధవారం, రాత్రి 9:30

మా బాబుకు 7 ఏళ్లు, ఫిట్స్ ఉన్నాయి. మూడుసార్లు ఈఈజీ తీశారు. ఇక్కడ రాసింది చాలావరకు నాకు అర్థం కాలేదు, కానీ మొత్తం చదివాను. ఈ టోపీ వస్తే వాడి ఫిట్స్ ఎక్కడ మొదలవుతున్నాయో తెలుస్తుందా?

ఈఈజీ_గది_కరీంనగర్
బుధవారం, రాత్రి 10:15

అన్నా, ఉన్నది ఉన్నట్టు చెప్తాను. ఇది ఇంకా పరిశోధనలో ఉన్న పని. ఫిట్స్ వచ్చినప్పుడు మెదడులో ఆ చోట రక్తం ఎక్కువ పారుతుంది, అందుకే కరెంటునూ రక్తాన్నీ కలిపి చూడాలని ప్రయత్నిస్తున్నారు. ఇప్పటికి బాబు వైద్యం నడిచేది ఈఈజీ, ఎంఆర్ఐ, మీ డాక్టర్ అనుభవం మీదే. మందులు ఒక్కపూట కూడా ఆపొద్దు. ఫిట్ వచ్చినప్పుడు వీలైతే ఫోన్‌లో వీడియో తీయండి, ఏ వైపు చేయి ముందు కొట్టుకుందో, కళ్లు ఎటు తిరిగాయో. అది డాక్టర్‌కు చాలా పనికొస్తుంది. ఈసారి ఈఈజీకి వచ్చే ముందు రాత్రి తలకు నూనె పెట్టొద్దు.

జగిత్యాల_నాన్న
బుధవారం, రాత్రి 10:22

సరే అక్కా. వీడియో తీస్తాను.

కాజీపేట_రిటైర్డ్
గురువారం, ఉదయం 6:00

మీ నీళ్ల సంగతి ఎవరూ అడగలేదు. డిస్టిల్డ్ అయిపోయిందని ఎవరైనా బోరు నీళ్లు పోస్తే లెక్క తప్పుతుంది. మా ఇంటి బోరు నీటికి మీటర్ పెడితే టీడీఎస్ 500 చూపించింది. అది మీటరుకు 0.1 సీమెన్స్ దగ్గర, ఉప్పు వేయకముందే మీ 0.33లో మూడో వంతు. షాపులో దొరికే బ్యాటరీ వాటర్ కొనండి, దానికీ ముందు మీటర్ పెట్టి చూడండి.

హనుమకొండ_ల్యాబ్
శనివారం, రాత్రి 9:50

ఈ వారం జరిగింది రాస్తున్నాను. కమిటీకి మెయిల్ పెట్టాను. పాత గ్రాఫ్ వెనక్కి తీసుకుని కొత్తది ఇవ్వమన్నారు, కోప్పడలేదు.

సిస్టర్ చెప్పిన గ్లూకోజ్ ద్రావణంలో రక్తం నిలబడింది. అగర్ తలలో సెంటీమీటరున్నర లోతున ఒక బోలు గది వదిలి అందులో నింపాను. ఈస్ట్ వేసిన కాసేపటికి, డిటెక్టర్‌కు చేరే వెలుతురులో 760 గీత దిగడం, 850 గీత ఎక్కడం మొదలైంది. అదే సమయంలో పక్కన 13 హెర్ట్జ్ శిఖరం కదలకుండా నిలబడింది. ఒకే తలలో రెండూ ఒకేసారి చూడటం ఇదే మొదటిసారి.

టైటానియం డయాక్సైడ్ విషయంలో ఒక తప్పు చేశాను, మీకూ పనికొస్తుందని చెప్తున్నాను. వేడిగా ఉన్నప్పుడే అచ్చులో పోసేశాను. పొడి బరువు కదా, అడుగుకు దిగిపోయింది. తల కోసి చూస్తే మెడ వైపు సున్నంలా, నడినెత్తి గాజులా. ఇప్పుడు 45 డిగ్రీలకు దిగేదాకా కలుపుతూనే ఉండి, చిక్కబడుతోందనగా పోస్తున్నాను. బూజు పట్టకుండా పచ్చళ్లలో వేసే సోడియం బెంజోయేట్ వేశాను. అదీ కరెంటును మోస్తుంది కాబట్టి ఆ మేరకు ఉప్పు తగ్గించాను.

ఇంక మిగిలింది జుట్టు. పలచని నెట్‌తో సిగ్నల్ సగానికి పడింది. ఒత్తు నెట్‌కు నూనె రాసి పెడితే 3 ఎలక్ట్రోడ్లు అసలు కలవలేదు. అక్కా, పాయ ఎట్లా తీయాలో మీ దగ్గరికి వచ్చి నేర్చుకోవచ్చా? అన్నా, తల నమూనా ప్రింట్ అయింది. ఎప్పుడు తీసుకురమ్మంటారు?

మట్టిబొమ్మ_వరంగల్
శనివారం, రాత్రి 10:05

సోమవారం పొద్దున తీసుకురండి. రబ్బరు ఆరడానికి ఒక రోజు పడుతుంది.

ఈఈజీ_గది_కరీంనగర్
శనివారం, రాత్రి 10:30

గురువారం మధ్యాహ్నం 3 తర్వాత రద్దీ ఉండదు. మా సార్‌ను అడిగాను, సరేనన్నారు. ఆ ఒత్తు జుట్టు నెట్ కూడా పట్టుకురా, నూనె తుడవకుండా.